ఊరిలోని అంగన్‌వాడీ ఈడు పిల్లల లెక్క మీరే తీయడం ఎలా

ఒకే ఊరికి పిల్లల లెక్కలు మూడుంటాయి. అంగన్‌వాడీ టీచరు ఫోనులోని పోషణ్ ట్రాకర్‌లో ఒకటి, బడి వివరాలు ఎక్కించడానికి హెడ్మాస్టరు నింపే సర్కారు పోర్టల్ యూడైస్‌లో ఒకటి, టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం దగ్గర ఒకటి. పక్కపక్కన పెడితే ఒకదానికొకటి పొసగవు. ఎవరో తప్పు రాశారని కాదు, ఒక్కోటి ఒక్కో పనికి రాసుకున్నవి. ట్రాకర్ తిండి ఎవరికి అందాలో చెబుతుంది. యూడైస్ బడి రిజిస్టరులో పేరున్నవాళ్లను చెబుతుంది. ఏఎన్‌ఎం పుస్తకం ఎవరికి టీకా బాకీ ఉందో చెబుతుంది. ఊళ్లో 3 నుంచి 6 ఏళ్ల లోపు పిల్లలు ఎందరు, పొద్దున పదకొండింటికి వాళ్లలో ఎవరు ఎక్కడ కూర్చున్నారు అని అడిగితే మూడింటికీ జవాబు లేదు. అది ఇల్లిల్లూ తిరిగితేనే తేలుతుంది.

బడి యాజమాన్య కమిటీ సభ్యులు, వార్డు మెంబర్లు, సచివాలయ సిబ్బంది, టీచర్లు ఎవరైనా ఈ పని పెట్టుకోవచ్చు. మూడు వేల జనాభా ఉన్న ఊరికి ఇద్దరు మనుషులు వారం రోజులు తిరిగితే సరిపోతుంది. ఇక్కడ ఉదాహరణలన్నీ కర్నూలు, అనంతపురం, కడప ఊళ్లను దృష్టిలో పెట్టుకుని ఇచ్చినవే.

మొదట తేదీ, తర్వాతే పిల్లలు

"నాలుగేళ్ల పిల్లలు ఎంతమంది" అని అడిగితే ప్రతి ఇంట్లో ఒక్కో రకం జవాబు వస్తుంది. నాలుగు నిండినవాళ్లను నాలుగంటారు, నాలుగోది నడుస్తున్నవాళ్లనూ నాలుగంటారు. అందుకని ఒక తేదీ పెట్టుకుని పుట్టిన రోజులతోనే వరుసలు కట్టండి. 2026 జూన్ 1ని తేదీగా పెట్టుకుంటే 2022 జూన్ 2 నుంచి 2023 జూన్ 1 వరకు పుట్టినవాళ్లు మూడు నిండినవాళ్లు. 2021 జూన్ 2 నుంచి 2022 జూన్ 1 వరకు నాలుగు నిండినవాళ్లు. 2020 జూన్ 2 నుంచి 2021 జూన్ 1 వరకు ఐదు నిండినవాళ్లు. ఈ మూడు వరుసలను చివరిదాకా విడివిడిగానే ఉంచండి, కలిపేయకండి.

ఎందుకంటే చిక్కంతా మూడో వరుసలో ఉంది. అంగన్‌వాడీ 3 నుంచి 6 ఏళ్ల పిల్లలది. మన రాష్ట్రంలో సర్కారు బళ్లు ఐదు నిండితే ఒకటో తరగతిలో చేర్చుకుంటూ వచ్చాయి. జాతీయ విద్యా విధానం ఆరు నిండాలంటుంది. కాబట్టి ఐదు నిండిన బిడ్డ ఒక ఊళ్లో అంగన్‌వాడీలో ఉంటుంది, పక్క ఊళ్లో ఒకటో తరగతిలో ఉంటుంది. ఒకటో తరగతి నుంచే తల్లికి వందనం డబ్బు వస్తుంది కాబట్టి తల్లిదండ్రులు కూడా ఆ ఏడాదే బడి మార్చే ఆలోచన చేస్తారు. మూడు వరుసలూ కలిపేస్తే ఈ కదలికంతా కనపడకుండా పోతుంది.

జనాభా లెక్కల పుస్తకంలో "0–6" అని చూసి దాన్ని అంగన్‌వాడీ ఈడుతో పోల్చేవాళ్లు చాలామంది. అక్కడ 0–6 అంటే ఏడు నిండనివాళ్లందరూ, అంటే ఏడు ఏడాదుల్లో పుట్టిన పిల్లలు. అంగన్‌వాడీది ఆరు నిండనివాళ్ల లెక్క. ఆ తేడా ఒక పూర్తి ఏడాది పిల్లలు.

నోటుబుక్కులో గళ్లు

పెద్ద నోటుబుక్కు తీసుకుని ఒక పేజీకి ఒక వీధి చొప్పున రాయండి. కర్నూలు పడమటి మండలాల్లో వీధిని గేరి అంటారు, గేరి పేరే పేజీ పైన పెట్టండి. ఇంటి నంబరు వరసలో పోతే దొడ్లలో, గుడిసెల్లో, ఊరి బయటి ఇటుక బట్టీల దగ్గర ఉన్న ఇళ్లు జారిపోతాయి. నడిచే దారి వరసలో పోండి.

గళ్లు ఇవి: ఇంటి పెద్ద పేరు, బిడ్డ పేరు, ఇంట్లో పిలిచే పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, ఆ తేదీ ఏ కాగితంలో చూశారు, ఆడ మగ, సామాజిక వర్గం, ఇంట్లో మాట్లాడే భాష, ఇప్పుడు ఎక్కడికి పోతోంది, ఎలా పోతోంది, సుగ్గికి (పంట పనులు అయిపోయాక కూలికి పోయే వలసకు) తీసుకుపోతారా, నడక, చూపు, వినికిడి, మాటల్లో ఇబ్బంది ఏమైనా ఉందా.

ఇంట్లో పిలిచే పేరు, తల్లి పేరు లేకుండా ఈ పని పూర్తికాదు. కాన్వెంటులో మోక్షిత అని ఉన్న పిల్ల అంగన్‌వాడీ రిజిస్టరులో లక్ష్మి అని, ఇంట్లో బుజ్జి అని ఉంటుంది. ముగ్గురూ ఒకటేనని తల్లి పేరుతోనే తెలుస్తుంది.

మూడేళ్ల లోపు పిల్లలను కూడా అదే తిరుగుడులో రాసేయండి. వాళ్లకు పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ చాలు. వాళ్ల అవసరం చివర్లో వస్తుంది.

పుట్టిన తేదీ ఎలా నమ్మాలి

నోటిమాటగా చెప్పిన తేదీ వద్దు. జనన ధ్రువపత్రం ఉంటే అదే. లేకపోతే తల్లీబిడ్డల సంరక్షణ కార్డు చూడండి. కాన్పు తేదీ, టీకాల తేదీలు అందులో వరుసగా ఉంటాయి కాబట్టి అబద్ధం ఇమడదు. ఆధార్ కార్డు ఆ తర్వాతే. 2023 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన సవరణ చట్టం ప్రకారం ఆ రోజు నుంచి పుట్టినవాళ్లకు బడిలో చేరడానికి పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. ఆ పిల్లలు 2026 అక్టోబరు నుంచి మూడు నిండుతూ వస్తారు. పత్రం లేని ఇళ్లు మీ నోటుబుక్కులో కనిపిస్తే వాటిపై ఒక గుర్తు పెట్టుకోండి, బడిలో చేర్చేనాటికి పరుగులెత్తే పని తప్పుతుంది.

పంచాయతీ జననాల రిజిస్టరు తెచ్చుకుంటే ఇల్లిల్లూ తిరగక్కర్లేదు కదా అనిపిస్తుంది. పనికిరాదు. జననం ఎక్కడ జరిగితే అక్కడ నమోదవుతుంది. కాన్పులు ఆసుపత్రుల్లో జరుగుతున్నాయి, మొదటి కాన్పుకు ఆడబిడ్డ పుట్టింటికి పోతుంది. మీ ఊరి బిడ్డ కర్నూలులోనో బళ్లారిలోనో నమోదై ఉంటుంది.

రాయడం అయ్యాక తేదీల గడి ఒకసారి పైనుంచి కిందికి చూడండి. జనవరి 1, జూన్ 1 తేదీలు గుంపులుగా కనపడితే అవి ఎవరో అంచనాగా వేసినవి. ఆ ఇళ్లకు మళ్లీ పోవాలి. జూన్ 1నే మీ వరుసలు మారతాయి కాబట్టి ఆ ఒక్క తేదీ తప్పుగా ఉంటే బిడ్డ ఏకంగా ఒక ఏడాది పక్కకు పడుతుంది.

ఒకసారి కాదు, రెండుసార్లు

యూడైస్ లెక్కకు ఆధార తేదీ సెప్టెంబరు 30. ఆ నాటికి కోసిగి, కౌతాళం, హొళగుంద, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు ఊళ్లు నిండుగా ఉంటాయి. పంట చేతికొచ్చాకో, ఎండిపోయాకో సుగ్గి మొదలవుతుంది. మిరపకోతకు, పత్తితీతకు గుంటూరు వైపు, కట్టడం పనులకు హైదరాబాదు, బెంగళూరు వైపు కుటుంబాలు కదులుతాయి. సంక్రాంతి దాటాక కొన్ని గేరుల్లో ముసలివాళ్లు, తాళాలు తప్ప ఏమీ కనపడవు. ఉగాదికి కొందరు తిరిగొస్తారు, కొందరు ఎండలు ముదిరాక వస్తారు. కదిరి, మడకశిర వైపు వలస ఎక్కువగా బెంగళూరుకు. అది రుతువును బట్టి కాదు, ఏడాది పొడుగునా నడిచేది.

బడి ఈడు పిల్లలను ఊళ్లో ఆపడానికి సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. ఒకటో తరగతి లోపు పిల్లలకు ఆ ఏర్పాటు లేదు. నాలుగేళ్ల బిడ్డను హాస్టల్లో ఉంచనూ లేరు. అవ్వ ఇంట్లో ఉంటే బిడ్డ ఆగుతుంది, అవ్వ కూడా కూలికి పోతే బిడ్డ తల్లితోపాటు మిరప చేనుకు పోతుంది. అంటే సుగ్గి దెబ్బ పెద్ద పిల్లలకన్నా ఈ వయసు పిల్లలకే ఎక్కువ, లెక్కల్లో కనపడేది మాత్రం తక్కువ.

అందుకే ఇల్లిల్లూ తిరగడం ఆగస్టు, సెప్టెంబరులో ఒకసారి, జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి మధ్యలోగా ఇంకోసారి. రెండోసారి కొత్తగా రాయక్కర్లేదు. అదే నోటుబుక్కు తీసుకుపోయి ప్రతి పేరు పక్కన "ఉంది", "పోయింది", "అవ్వ దగ్గర" అని మూడింటిలో ఒకటి రాస్తే చాలు. తాళం వేసిన ఇంటి గురించి పక్కింటిని అడగండి, కానీ బిడ్డ ఎక్కడుందో ఇద్దరు ఒకటే మాట చెబితేనే రాయండి.

పేర్లు కలపడం: పనంతా ఇక్కడే ఉంది

ఇప్పుడు అంగన్‌వాడీ ప్రీస్కూలు హాజరు రిజిస్టరు, బడి ఒకటో తరగతి అడ్మిషన్ రిజిస్టరు చూపమని అడగండి. ఊళ్లోకి వచ్చే కాన్వెంటు వ్యాన్లు, ఆటోల డ్రైవర్లను కూడా అడగండి. ఏ ఇంటి దగ్గర ఎందరిని ఎక్కించుకుంటారో వాళ్లకు బడి ఆఫీసుకన్నా బాగా తెలుసు.

పద్ధతి తెలియడానికి ఊహించిన ఒక ఊరి లెక్క చూద్దాం. ఇల్లిల్లూ తిరిగితే మూడు నుంచి ఆరు లోపు పిల్లలు 132 మంది వచ్చారు. అంగన్‌వాడీల్లో పేరున్నవాళ్లు 96, కాన్వెంట్లలో 44, ఆరు నిండకుండా ఒకటో తరగతిలో ఉన్నవాళ్లు 19. మొత్తం 159. ఊళ్లో ఉన్నదే 132 మంది అయితే 27 మంది ఎక్కడినుంచి ఊడిపడ్డారు?

ఇక్కడ చాలామంది 159లో నుంచి 132 తీసేసి "27 మంది రెండుచోట్ల ఉన్నారు, మిగతా అందరూ ఎక్కడో ఒకచోట చదువుతున్నారు" అని రాసేస్తారు. అది తప్పు. పేరు పేరుగా కలిపి చూస్తే రెండుచోట్ల ఉన్నవాళ్లు 38 మంది తేలారనుకోండి. 159లో 38 పోతే 121. ఊళ్లో ఉన్నది 132. అంటే ఎక్కడా పేరు లేని పిల్లలు 11 మంది ఉన్నారు. కూడికలు, తీసివేతలు ఆ 11 మందిని దాచేశాయి, పేర్లు కలిపితేనే బయటపడ్డారు. ఈ పని మొత్తం చేసేది ఆ 11 మంది కోసమే.

రెండుచోట్ల పేరుండటం దొంగతనమని టీచరు మీద పడకండి. బిడ్డ కాన్వెంటుకు పోతున్నా గుడ్డు, పాలు కావాలని తల్లి పేరు తీయించదు. పేర్లు తగ్గితే సెంటరు ఎత్తేస్తారేమోనని టీచరు భయం. ఒక సెంటరుకు 400 నుంచి 800 జనాభా ఉండాలన్నది పల్లెలకు పెట్టిన ప్రమాణం. సంఖ్య పడిపోతే పక్క సెంటరులో కలుపుతారన్న మాట ఎప్పుడూ చెవిన పడుతూనే ఉంటుంది. రిజిస్టరు చూపమంటే ముఖం మాడిందంటే కారణం అదే. పై అధికారికి చెప్పడానికి రాలేదని, పేరు తీసేయమనడం లేదని ముందే చెప్పండి. "రిజిస్టరులో ఉన్నవాళ్లు" అని ఒక గడి, "రోజూ వచ్చేవాళ్లు" అని ఇంకో గడి పెట్టుకోండి.

రోజూ వచ్చేవాళ్లను కళ్లతోనే లెక్కపెట్టాలి. వేర్వేరు వారాల్లో మూడు రోజులు, పదకొండు గంటల ప్రాంతంలో పోండి. మధ్యాహ్నం అన్నం వేళకు పోతే తినడానికి వచ్చినవాళ్లు, చంకలోని చంటిబిడ్డలు కలుస్తారు. సంత రోజు, ఊరి దేవర రోజు, నెలకోసారి వచ్చే ఆరోగ్య పోషకాహార దినం లెక్కలోకి తీసుకోకండి. మూడు రోజుల అంకెల్లో పెద్దదీ చిన్నదీ కాక మధ్యది ఏదో అది రాయండి, సగటు వద్దు. ఒక్క పెళ్లి రోజు సగటును చెడగొడుతుంది.

కాన్వెంటుకు పోయే పిల్లల విషయంలో ఇంకో గమనిక. వాళ్లు ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో గుంతకల్లులోనో ప్రొద్దుటూరులోనో చదువుతారు, సర్కారు లెక్కలో ఆ పట్నం బడి కిందకే వస్తారు. మండలాల వారీ చేరికల పట్టిక చూసి పల్లెల్లో పిల్లలు తగ్గిపోయారనుకోవడం ఇందుకే పొరపాటు. తగ్గింది పిల్లలు కాదు, ఊళ్లో చదివేవాళ్లు. పైగా ఒకటో తరగతి లేకుండా ఎల్‌కేజీ, యూకేజీ మాత్రమే నడిపే చిన్న కాన్వెంట్లు చాలావరకు యూడైస్‌కు ఎక్కవు.

వర్గం రాసేటప్పుడు

ఈ గడి చివర్లో అడగండి. వాకిట్లో నిలబడి కులం అడిగితే ఎవరికీ నచ్చదు. "సర్టిఫికెట్‌లో ఏమని ఉంది" అని అడిగితే ఇబ్బంది ఉండదు, జవాబూ సరిగ్గా వస్తుంది. ఊళ్లో పిలిచేది ఒకటి, కాగితంలో ఉండేది ఒకటి అయ్యే సందర్భాలు మన జిల్లాల్లో ఎక్కువ. ముస్లింలలో చాలా కుటుంబాలు బీసీ-ఈలో ఉంటాయి, దూదేకులవారు బీసీ-బీ. క్రైస్తవంలోకి మారిన ఎస్సీ కుటుంబాలు కాగితం ప్రకారం బీసీ-సీ. బోయలు మైదాన ప్రాంతంలో బీసీ-ఏ, కురుబలు బీసీ-బీ. సుగాలీలు, ఎరుకలవారు ఎస్టీలు.

యూడైస్‌లో బీసీ ఏ నుంచి ఈ వరకు అన్నీ ఓబీసీ అన్న ఒకే గడిలోకి పోతాయి. ముస్లిం అన్నది మైనారిటీ పట్టికలో విడిగా వస్తుంది. ఒకే బిడ్డ రెండు పట్టికల్లోనూ ఉంటుంది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, జనరల్, ముస్లిం అన్నీ ఒకే వరుసలో కూడితే మొత్తం నూరు శాతం దాటుతుంది. కర్నూలు, కడప, రాయచోటి, కదిరి లాంటి చోట్ల ఈ తప్పు పెద్దగానే కనిపిస్తుంది. 2025లో వచ్చిన ఎస్సీ వర్గీకరణ కూడా ఆ నాలుగు గళ్లలో కనపడదు, మీకు కావాలంటే మీ నోటుబుక్కులోనే విడిగా రాసుకోవాలి.

దేంతో పోల్చాలి? 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఎస్సీలు దాదాపు 18 శాతం, ఎస్టీలు 2 శాతం. అనంతపురంలో 14, 4. కడపలో 16, 3కు కాస్త తక్కువ. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కాబట్టి ఈ అంకెలను నేటి జిల్లాకు అంటగట్టకండి. చెంచు గూడేలున్న నల్లమల వైపు నంద్యాలకు పోయింది, పుట్టపర్తి, హిందూపురం వైపు శ్రీ సత్యసాయి జిల్లాకు పోయింది. మీ ఊరి పేజీనే తీసి పోల్చుకోండి. 2011 గ్రామాల పట్టికలో ఊరివారీ ఎస్సీ, ఎస్టీ సంఖ్యలు దొరుకుతాయి, బీసీలవి దొరకవు.

ఊరి జనాభాలో ఎస్సీలు 20 శాతం ఉండి, అంగన్‌వాడీకి రోజూ వచ్చేవాళ్లలో 45 శాతం ఉన్నారంటే ఎస్సీ పిల్లలు పెరిగారని కాదు, మిగతావాళ్లు వ్యాను ఎక్కారని. ఇదే పట్టికను ఆడ, మగగా విడగొట్టి చూడండి. ఒకే ఇంట్లో అబ్బాయి కాన్వెంటులో, అమ్మాయి అంగన్‌వాడీలో ఉన్నారేమో అక్కడే తెలుస్తుంది.

ఇంటి భాష గడిని తేలిగ్గా తీసుకోకండి. రాయదుర్గం, డి.హీరేహాళ్, మడకశిర, అమరాపురం, రొళ్ల, హొళగుంద వైపు ఇళ్లలో కన్నడం. తండాల్లో సుగాలీల సొంత భాష. పట్నం వాడల్లో ఉర్దూ. మూడేళ్ల బిడ్డ టీచరు చెప్పే మాట అర్థంకాక ఏడుస్తుంటే "బడి అలవాటు కాలేదు" అని రాస్తారు. ఏ సెంటరులో ఎందరు పిల్లలు ఏ భాష మాట్లాడతారో అంకె ఉంటే, ఆ భాష తెలిసిన టీచరునో ఆయానో అడగవచ్చు.

లెక్క సరిగ్గా వచ్చిందా

రాష్ట్రంలో ఏటా వెయ్యి జనాభాకు సుమారు 15, 16 కాన్పులు. మూడు వేల జనాభాకు ఒక్కో వయసు వరుసలో 45 మంది, మూడు వరుసలకు 135 ప్రాంతంలో రావాలి. పడమటి కర్నూలు మండలాల్లో అంతకన్నా ఎక్కువ రావచ్చు. 90 వచ్చిందంటే ఏదో గేరి వదిలేశారు. మూడు నిండినవాళ్లు 60, ఐదు నిండినవాళ్లు 25 వచ్చారంటే తేదీలు తారుమారయ్యాయి.

శాతాలు 30 మంది దాటిన గుంపుకే వేయండి. ఏడుగురు పిల్లల్లో ఒకరు మానేస్తే 14 శాతం అని రాస్తే చదివినవాళ్లు ఏదేదో ఊహించుకుంటారు. "ఏడుగురిలో ఒకరు" అని రాయండి. బయటికిచ్చే పట్టికలో ఐదుగురికన్నా తక్కువున్న గడిని "5 లోపు" అని వదిలేయండి, చిన్న ఊళ్లో అంకె చూస్తేనే ఇల్లు తెలిసిపోతుంది. పేర్లున్న పేజీల ఫొటో ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకండి.

సెంటర్లవారీ అధికారిక అంకెలు అడిగినా ఇవ్వకపోతే సమాచార హక్కు కింద సీడీపీఓ (అంగన్‌వాడీలను చూసే ప్రాజెక్టు అధికారి) కార్యాలయానికి రాయండి. మన రాష్ట్రంలో ఊరి స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. "అన్ని వివరాలు" అని అడిగితే ఏదీ రాదు. సెంటరు పేరు, నెల, ఏ వయసు, రిజిస్టరులో ఎందరు, హాజరు ఎందరు అని ఒక్కో వాక్యంలో ఒక్కోటి అడగండి.

అంకెతో అడిగే పనులు

ఎక్కడా పేరు లేని పిల్లల జాబితాను గేరిలవారీగా అంగన్‌వాడీ టీచరుకే ముందు ఇవ్వండి. వాళ్లు ఎందుకు రావడం లేదో ఇంటి దగ్గరే కారణం తెలిసి ఉంటుంది: మధ్యలో లారీలు తిరిగే రోడ్డు, వంక, దింపి రావడానికి మనిషి లేకపోవడం, ఆ వీధిలోకి మా బిడ్డను పంపం అనడం. చివరిది ఎవరూ పైకి చెప్పరు, గేరిలవారీ పట్టికలో మాత్రం దాగదు.

పేద ఇంటి బిడ్డకు ప్రైవేటు బడిలో ఒకటో తరగతి ఉచిత సీటు కావాలనుకునేవాళ్లకు ఐదు నిండినవాళ్ల వరుస ఉపయోగపడుతుంది. విద్యాహక్కు చట్టం 12(1)(సి) కింద 25 శాతం సీట్లలో మన రాష్ట్రంలో ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, అనాథలు, హెచ్‌ఐవీ బాధిత, వికలాంగ పిల్లలకు 5, మిగతా బలహీన వర్గాలకు 6 శాతం. ఆదాయ పరిమితి పల్లెల్లో ఏడాదికి 1.20 లక్షలు, పట్నాల్లో 1.44 లక్షలు. దరఖాస్తు గడువు దాటాక తెలిసే కుటుంబాలే ఎక్కువ. మీ జాబితాలో అర్హులైన ఇళ్లు కనపడితే ముందే చెప్పండి.

ఊరికి దూరంగా ఉన్న తండాకో కొట్టానికో అంగన్‌వాడీ లేకపోతే మూడేళ్ల లోపు పిల్లల పేర్లు ఇప్పుడు అక్కరకొస్తాయి. 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఆరేళ్ల లోపు పిల్లలు 40 మందికి తగ్గకుండా ఉన్న నివాస ప్రాంతం అంగన్‌వాడీని అడిగి తెచ్చుకోవచ్చు, అడిగిన మూడు నెలల్లో ఇవ్వాలి. అర్జీలో పుట్టిన తేదీలతో 40 పేర్లు, దగ్గరి సెంటరు ఎంత దూరమో, దారిలో ఏముందో రాయండి. గ్రామసభలో తీర్మానం చేయించి జతపరచండి. సుగ్గికి పోయే పిల్లలను కూడా కలపండి, వాళ్లు ఆ తండావాళ్లే. అర్జీ సీడీపీఓకు ఒకటి, జిల్లా స్థాయిలో అంగన్‌వాడీలను చూసే అధికారికి ఒకటి ఇచ్చి, మీ దగ్గరుండే కాపీపై తేదీతో సహా కార్యాలయ ముద్ర వేయించుకోండి. ఆ మూడు నెలలు లెక్కపెట్టేది ఆ ముద్ర మీది తేదీ నుంచే.